తెరపై అక్షరము

మేము రేడియోలో మాటలాడువారము. మా పనిముట్టు గొంతు. శ్రోత పనిముట్టు చెవి. ప్రసంగపాఠమును ఎంత ముచ్చటగా వ్రాసికొన్నను మైకు ముందు అది మాటగా మారవలసినదే గాని, అక్షరముగా ఎవరికిని కనబడదు. అట్టి మేము తెరపై కనబడు అక్షరములను గూర్చి మాటలాడబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఆ అక్షరముల మూలమున మేమొకసారి సిగ్గుపడవలసి వచ్చినది. ఆ సిగ్గే ఈ ప్రసంగమునకు కారణము.

మంగళగిరిలో గుంటమగ్గముపై యాభై ఏండ్లకు పైగా నేత నేసిన ఒక పెద్దాయనను గూర్చి, మేము కొందరము మిత్రులము కలిసి చేతిఫోనుతో ఒక చిన్న చిత్రము తీసితిమి. దాని నిడివి తొమ్మిది నిమిషములు. చిత్రము పూర్తియైన పిమ్మట ఆ వీథిలోనే ఒక ఇంటి గోడకు తెల్లని దుప్పటి కట్టి, చిన్న ప్రొజెక్టరు అమర్చి, ఒక సాయంకాలము అందరికిని చూపితిమి. పెద్దాయన ముందు వరుసలో కుర్చీ వేసికొని కూర్చుండిరి. ఆయన మూడవ తరగతి వరకు చదివినవారు. అక్షరములు తెలియును గాని, కూడబలుక్కొని చదువవలసినదే.

మొదట మగ్గము కనబడినది. నాడె ఇటునుండి అటు పోవు చప్పుడు వినబడినది. తరువాత పెద్దాయన ముఖము, దానిపై రెండు వరుసల అక్షరములు: ఆయన ఇంటిపేరు, పేరు, వయస్సు, ఊరు, వృత్తి. ఆ అక్షరములు రెండు సెకనులు నిలిచి మాయమైనవి. మాకు అది చాలునని తోచినది. కూర్పు చేయునప్పుడు మేము వానిని నూరుసార్లు చూచియున్నాము గదా! చిత్రము ముగిసినది. అందరును బాగున్నదనిరి. పెద్దాయన మాత్రము మమ్ము దగ్గరకు పిలిచి మెల్లగా ఇట్లనిరి: "అంతా బానే ఉంది బాబూ. నా పేరొక్కటే, కూడబలుక్కునేలోపలే పోయింది."

ఎవరిని గూర్చి చిత్రము తీసితిమో, ఆయనకే ఆయన పేరు అందలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి చిత్రమును మరల చూచితిమి. అప్పుడు మాకు కనబడిన తప్పులు ఒకటి కాదు, అనేకము. నేడు ఊరూర బడిపిల్లలు, ఉపాధ్యాయులు, రైతులు, స్వయంసహాయక సంఘముల స్త్రీలు చేతిఫోనుతో చిత్రములు తీయుచున్నారు. వారికి మా తప్పులు ఉపయోగపడునని తలంచి, వానిని వరుసగా చెప్పెదము.

తెరపై అక్షరము క్రొత్తది కాదు. మాటకంటె ముందు పుట్టినదే. దాదాసాహెబ్ ఫాల్కే గారి "రాజా హరిశ్చంద్ర" 1913లో బొంబాయిలో ప్రదర్శింపబడినప్పుడు అది మూగ చిత్రము. కథ నడుమ నడుమ ఆంగ్లములోను దేశభాషలోను వ్రాసిన పలకలు తెరపై వచ్చుచుండెను. చదువురానివారి కొరకు హాలులో ఎవరో ఒకరు ఆ పలకలను బిగ్గరగా చదివి వినిపించుట మూగ చిత్రముల కాలమున వాడుక. అనగా ఆనాటి అక్షరమునకు ఒక గొంతు తోడుండెడిది. ఆ గొంతు ఎంత నెమ్మదిగా చదివిన అంతవరకు పలక నిలువవలెను. తెలుగున తొలి టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో వచ్చినది. పాత్రలే మాటలాడుట మొదలిడినంతట పలకలకు పని తప్పినది.

మూగ చిత్రముల కాలముననే పలకలు లేకుండ కథ చెప్పవలెనని పట్టుపట్టినవారును కలరు. జర్మనీలో మూర్నౌ 1924లో తీసిన "ద లాస్ట్ లాఫ్" అను చిత్రములో ఒక హోటలు ద్వారపాలకుడు ముసలితనమున తన దుస్తులను, వానితోపాటు గౌరవమును కోల్పోవును. ఆ దుఃఖమంతయు నటన వలనను, కెమెరా కదలిక వలనను తెలియును. కథ నడుమ వచ్చు పలక ఒక్కటే, అదియు చివరి ఘట్టమునకు ముందు. బొమ్మ చెప్పగలిగిన దానిని అక్షరముచేత చెప్పింపరాదని ఆ చిత్రము నేర్పుచున్నది. ఒక్క పలక చాలునని తెలిసినవాడు ఆ ఒక్కదానిని ఎక్కడ ఉంచవలెనో మిక్కిలి ఆలోచించి ఉంచును.

నేడు చేతిఫోను మూలమున అక్షరము తెరపైకి మరల వచ్చినది. దానికి కారణములు స్పష్టము. బస్సులోను, ఆసుపత్రి వరండాలోను, నిద్రించు పిల్లల ప్రక్కను జనులు ధ్వని ఆపి చిత్రములు చూచుచున్నారు. ఫోను మైకు గాలిని, మోటారు సైకిలును, పక్కింటి టీవీని మనిషి మాటతోపాటు పట్టుకొనును. మాట అస్పష్టమైనచోట అక్షరము ఆదుకొనవలెను. ఇక చిత్రీకరణ సంగతి చెప్పనక్కరలేదు. అమెరికాలో షాన్ బేకర్ అను దర్శకుడు 2015లో విడుదలయిన "టాంజరీన్" అను పూర్తి నిడివి చిత్రమును ఐఫోన్ 5ఎస్‌తోనే తీసెను. పరికరము అందరి చేతికిని వచ్చినది. అక్షరమును వాడు వివేకము ఇంకను రావలసియున్నది.

మొదటి ప్రశ్న: అక్షరము ఏమి చెప్పవలెను? బొమ్మయు ధ్వనియు చెప్పలేనిది చెప్పవలెను. విజయవాడలో కృష్ణపై ప్రకాశం బ్యారేజిని చూపుచు దానిపై "నది" అని వ్రాయుట వ్యర్థము. "కృష్ణానది" అని వ్రాయుట ఆ ఊరివారికి అనవసరము, పరాయి ఊరివారికి అవసరము. "ఈ బ్యారేజి పూర్తియైనది 1957లో" అని వ్రాసినచో అది అందరికిని అవసరమే, ఏలయన సంవత్సరమును ఏ బొమ్మయు చూపజాలదు. ఊరు, తేది, మనిషి పేరు, లెక్క, పరభాషలోని మాటకు అర్థము: ఇవి అక్షరమునకు తగిన పనులు. "ఎంత అందమైన దృశ్యము!" అనునది అక్షరము పని కాదు. అందము ఉన్నచో కనబడును. లేనిచో వ్రాసినంత మాత్రమున రాదు.

తేది విషయమున ఇంకొక మాట. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలు నీట మునిగినప్పుడు ఎందరో తమ మేడలపైనుండి ఫోనులతో ఆ నీటిని చిత్రించిరి. అట్టి చిత్రము తేదియు స్థలమును లేక చేతులు మారినచో, మరియొక వాన వచ్చినప్పుడు అదియే క్రొత్త వరదగా తిరుగును. నిజమైన బొమ్మయే అబద్ధమునకు సాక్ష్యము పలుకును. దాని మూలమున జనులు బెదరి ఇండ్లు విడిచిపోవచ్చును, లేదా మరుసటిసారి నిజమైన హెచ్చరికను నమ్మకపోవచ్చును. "సింగ్‌నగర్, విజయవాడ, 2024 సెప్టెంబరు" అని మూడు మాటలు చిత్రముపైననే ఉన్నచో ఆ అబద్ధమునకు అంత సులభముగా దారి దొరకదు. ఇది అలంకారము కాదు, బాధ్యత.

రెండవ ప్రశ్న: ఎంతసేపు ఉంచవలెను? ఇదియే మమ్ము దెబ్బతీసిన ప్రశ్న. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషను వారు తమ సబ్‌టైటిళ్లకు నిమిషమునకు 160 నుండి 180 మాటల వేగమును సూచించుచున్నారు. అది ఆంగ్లమునకు చెల్లును. తెలుగున మాటల లెక్క మోసపుచ్చును. "చేయించుకొనవలసివచ్చినది" అనునది మనకు ఒక్క మాట. ఆంగ్లమున దానికి ఐదారు మాటలు కావలెను. కనుక తెలుగువారు మాటలను గాక అక్షరములను లెక్కింపవలెను. కూడబలుక్కొని చదువువారిని తలచుకొని మేము ఇప్పుడు సెకనుకు మూడు, నాలుగు అక్షరములకంటె ఎక్కువ పెట్టుకొనుట లేదు. "ఈ మగ్గము గుంటలో అమర్చబడినది" అను వాక్యములో పదునాలుగు అక్షరములు కలవు. అది తెరపై నాలుగైదు సెకనులు నిలువవలెను.

ఇంతకంటె సులభమైన కొలత రేడియోవారి కొలత. తెరపై వ్రాసిన దానిని పెద్ద గొంతుతో, తొందరపడక, చిన్నపిల్లకు చదివి వినిపించునట్లు చదువుడు. చదువుట ముగిసిన తరువాత ఒక ఊపిరి తీసికొనుడు. అప్పుడు అక్షరములను తీసివేయుడు. ఆ గొంతుయే మూగ చిత్రముల హాలులో పలకలు చదివిన గొంతు. అంతసేపు నిలుపుటకు దృశ్యములో చోటు లేనిచో దృశ్యమును పొడిగింపవలెను, లేదా వాక్యమును కుదింపవలెను. చూచువారిని మాత్రము పరుగెత్తింపరాదు. ఒక జాగ్రత్త కలదు. వ్రాసినవారు తమ అక్షరములకు తాము కొలత కారాదు. వారికి అవి కంఠస్థము. ఎన్నడును చూడని ఒక మనిషిని పిలిచి చదివింపవలెను. ఆ మనిషి ఇంటిలో అందరికంటె నెమ్మదిగా చదువువారు అయినచో మరియు మంచిది.

మూడవ ప్రశ్న: ఎక్కడ ఉంచవలెను? మా చిత్రములో ఒకచోట పెద్దాయన తెగిన పడుగు పోగును వ్రేళ్లతో ముడి వేయుచుండిరి. చూడవలసినది ఆ వ్రేళ్లనే. మేము సరిగా ఆ వ్రేళ్లపైననే "తెగిన పోగును అతుకుట" అని వ్రాసి వానిని కప్పితిమి! కన్ను ఒకేసారి రెండుచోట్ల ఉండదు. అక్షరము కనబడినంతట కన్ను అటే పోవును. చదివి తిరిగివచ్చునప్పటికి ముడి పడిపోయినది. పనిని చూపునప్పుడు మొదట అక్షరము, తరువాత పని. లేదా మొదట పని, తరువాత అక్షరము. రెండును కలిసి వచ్చినచో రెండును చెడును. ఎవరైన మాటలాడుచున్నప్పుడు వారు పలుకని వేరొక వాక్యమును తెరపై ఉంచుటయు ఇట్టిదే. చెవి ఒక మాటను, కన్ను వేరొక మాటను పట్టుకొని బుద్ధి రెంటినుండియు జారిపోవును.

అంచుల సంగతియు చూడవలెను. పాత టెలివిజను పెట్టెలు బొమ్మ అంచులను కొంత మ్రింగెడివి. అందువలన అక్షరములను తెర వెడల్పు ఎత్తులలో నడుమనున్న 80 శాతము లోపల ఉంచుట ఆనాటి నియమము. నేటి వెడల్పు తెరలకు దానిని 90 శాతముగా సడలించిరి. ఫోనును నిలువుగా పట్టుకొని చూచు చిత్రములకు ఈ లెక్క చాలదు. వానికి క్రిందిభాగమున చిత్రము పంపినవారి పేరును వివరమును, కుడిప్రక్కన గుర్తులును అడ్డువచ్చును. అడుగున వ్రాసిన మంచి వాక్యము ఆ గుంపులో కలిసిపోవును. కనుక నిలువు చిత్రములో అక్షరములను నడిమికి కొంచెము క్రిందుగా ఉంచుట క్షేమము. మనిషి కన్నులను, నోటిని, చేతులను మాత్రము విడిచిపెట్టవలెను.

నాలుగవది స్పష్టత. మంగళగిరి చీర తెల్లనిది. మా అక్షరములును తెల్లనివే. చీరపై అక్షరము, పాలలో సున్నము! వెబ్ పుటలు అందరికిని అందుబాటులో ఉండుటకై ఏర్పరచిన అంతర్జాతీయ నియమములలో, అక్షరపు వెలుగునకు దాని వెనుకనున్న దాని వెలుగునకు కనీసము 4.5కు 1 పాళ్ల తేడా ఉండవలెనని చెప్పబడినది. లెక్క కట్టుటకు వీలులేనివారు ఒక పని చేయవచ్చును: అక్షరముల వెనుక నల్లని పలుచని పట్టీ వేసి, ఫోనును చాచిన చేతితో పట్టుకొని, మిట్టమధ్యాహ్నము ఎండలో నిలిచి చదువవలెను. చదువ వచ్చినచో చాలును. ఆర్టీసీ బస్సు ముందు బోర్డును చూడుడు. దూరమునుండి, పరుగునుండి, చూపు మందగించిన కండ్లతో చదువువారి కొరకు వ్రాసినది గనుక దానిపై ఊరి పేరు పెద్దగా ఉండును, దారి చిన్నగా ఉండును, ఇంకేమియు ఉండదు. చిత్రములో అక్షరము వ్రాయువారికి అంతకంటె మంచి గురువు లేదు.

ఇక మన లిపికి సంబంధించిన చిక్కులు కొన్ని కలవు. పరభాషలవారు వ్రాసిన సలహాలలో ఇవి దొరకవు. మన అక్షరమునకు పైన తలకట్టు, గుడి, ఏత్వము, క్రింద ఒత్తులు. రెండు వరుసలను దగ్గర దగ్గరగా పేర్చినచో పై వరుస ఒత్తులు క్రింది వరుస గుడులకు తగులుకొనును. ఆంగ్లమునకు సరిపోయిన వరుసల ఎడము మనకు చాలదు, కొంచెము పెంచవలెను. ఒత్తు తెగిపోయినచో మాటయే మారును. రెండు వరుసలకు మించి వ్రాయరాదు. నిలువు చిత్రములో వరుసకు పండ్రెండు మొదలు పదునైదు అక్షరములకంటె ఎక్కువ పట్టింపబోయినచో అక్షరము చీమంత అగుట మా అనుభవము.

వరుసను విరుచునప్పుడు అర్థమును బట్టి విరువవలెను. "మా తాత నేర్పిన పని / నేను నా మనుమనికి నేర్పితిని" అని విరిచినచో చదువువానికి రెండు ఊపిరులలో రెండు భావములు అందును. "మా తాత నేర్పిన పని నేను నా / మనుమనికి నేర్పితిని" అని విరిచినచో "నా" అను మాట అంచున వ్రేలాడుచు చదువువానిని ఆపును. మైకు ముందు చదువువారు ఎక్కడ ఊపిరి తీసికొందురో అక్కడనే వరుస విరుగవలెను.

ఇప్పుడు కూర్పు యాపులలో అక్షరములు ఒక్కొక్కటిగా టైపు యంత్రమునుండి వచ్చినట్లు వచ్చు విధానమొకటి కలదు. ఆంగ్లమునకు అది ముచ్చటగా ఉండును. తెలుగునకు అది పనికిరాదు. "స్త్రీ" అను మాట మన కంటికి ఒక్క అక్షరము. యంత్రమునకు మాత్రము సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘపు గుడి అని ఆరు గుర్తులు. ఒక్కొక్క గుర్తును చూపుచు పోయిన యంత్రము తెరపై స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అని ఆరు రూపములను చూపును. చదువువాడు అక్షరము పుట్టుచున్నదో విరుగుచున్నదో తెలియక తికమకపడును. కూడబలుక్కొని చదువువానికి ఇది మరియు హింస. వాక్యమంతయు ఒకేసారి వచ్చుట మేలు. లేదా మాట వెంట మాట వచ్చినను సరియే. అక్షరముల నడుమ ఎడము పెంచి సాగదీయు విధానముతోను జాగ్రత్త వహింపవలెను. కొన్ని యాపులలో ఒత్తు తన అక్షరమును విడిచి ప్రక్కకు పోవును.

తెలుగు లిపికి యూనికోడులో 1991లో వెలువడిన మొదటి కూర్పునందే చోటు దొరకినది. అయినను అచ్చుపనివారి వద్ద యూనికోడు కాని పాత ఫాంట్లు ఇంకను కలవు. వానిలో టైపు చేసిన పాఠమును తెచ్చి ఫోనులో అతికించినచో తెలుగునకు మారుగా పిచ్చిగీతలు కనబడును. యూనికోడు ఫాంట్లు నేడు ఉచితముగానే దొరకుచున్నవి. "రామభద్ర" వంటి లావుపాటి ఫాంటు శీర్షికలకు తగును. "మండలి" వంటి సాదా ఫాంటు సంభాషణలకు తగును. ఒక చిత్రమునకు ఒకటి, మహా అయిన రెండు ఫాంట్లు చాలును. ఆంగ్లమున పెద్దబడి అక్షరములతో నొక్కి చెప్పుదురు. మనకు పెద్దబడియు చిన్నబడియు లేవు. వారివలె అక్షరమును ప్రక్కకు వంచి వ్రాయుట మన అచ్చునకు సహజము కాదు. నొక్కి చెప్పదలచినచో ఆ మాటను విడిగా ఉంచుడు, లేదా దానికి కొంచెము ఎక్కువ సమయమిండు.

మాటను విని తానే అక్షరములుగా వ్రాయు యంత్రములు వచ్చినవి. అవి శ్రమ తగ్గించును గాని, బాధ్యత తగ్గింపవు. మా చిత్రమునకు అట్టి యంత్రమొకటి "పడుగు" అన్న చోటనెల్ల "పొడుగు" అని వ్రాసినది. నేతవాడు "పడుగు తెగింది" అని బాధపడుచుండగా తెరపై "పొడుగు తెగింది" అని వచ్చినచో చూచువారు నవ్వుదురు. ఆ నవ్వు యంత్రముపై పడదు. ఆ మనిషిపై పడును. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, వృత్తిమాటలు, మందుల మోతాదులు, రూపాయల లెక్కలు: వీనిని యంత్రము వ్రాసినను మనిషి ఒక్కొక్కటి సరిచూడవలెను. మాండలికమును దిద్ది గ్రంథభాషగా మార్చుటయు తగదు. పెద్దాయన "బానే ఉంది" అనినచో తెరపై "బానే ఉంది" అనియే ఉండవలెను.

వినబడనివారిని మేము పూర్తిగా మరచితిమి. మాటలకు అక్షరములు వేసితిమి గాని, మగ్గపు చప్పుడునకు వేయలేదు. మా చిత్రమంతయు ఆ చప్పుడుపైననే నడచును. ఒకచోట అది ఆగుటయే కథ. చెవులు వినబడని మనిషికి ఆ ఆగుట ఎట్లు తెలియును? "మగ్గము ఆడుచున్న చప్పుడు" అనియు, "మగ్గము ఆగినది, నిశ్శబ్దము" అనియు రెండు మాటలు వ్రాసినచో తెలియును. కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ 2024 మార్చిలో, సినిమాహాళ్లలో ప్రదర్శించు చిత్రములు వినికిడి, చూపు లోపములు గలవారికిని అందవలెనని మార్గదర్శకములు వెలువరించినది. ఫోను చిత్రములకు ఆ ఉత్తరువు లేకున్నను, ధర్మము ఒక్కటే.

తెరపై అక్షరము చూపు ఉపకారములలో పెద్దది మరియొకటి కలదు. అహమ్మదాబాదు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంటుకు చెందిన బ్రిజ్ కొఠారి గారు ఒక చిన్న ఉపాయమును ప్రయోగించిరి. పాట ఏ భాషలో వినబడుచున్నదో, ఆ భాషలోనే దాని మాటలను తెరపై చూపుట. పాడుచున్న మాట వరుసగా రంగు మారుట. 1999లో గుజరాతీ "చిత్రగీత్" కార్యక్రమమునకును, 2002లో హిందీ "చిత్రహార్" కార్యక్రమమునకును దూరదర్శనులో ఇట్లు అక్షరములు వేసిరి. పాట ముందే నోటికి వచ్చినది గనుక చదువు మందముగా ఉన్నవాడును తరువాతి మాటను ఊహించి, కంటితో పోల్చుకొని, తెలియకుండగనే చదువు సాధన చేయును. అనగా తెరపై నిలిచిన అక్షరము బడి మానినవారికి పలక వంటిది. కాని రెండు సెకనులలో మాయమగు పలకపై ఎవరు ఓనమాలు దిద్దగలరు?

ఇంతవరకు అక్షరమును సేవకునిగా చూచితిమి. అది నటునిగా మారిన సందర్భములును కలవు. తెలుగు కుటుంబములో జన్మించిన అనీష్ చాగంటి అమెరికాలో దర్శకత్వము వహించిన "సెర్చింగ్" అను 2018 నాటి చిత్రము దాదాపు అంతయు కంప్యూటరు, ఫోను తెరలపైననే నడచును. అందులో భార్య పోయిన తండ్రి ఒకడు కూతురికి సందేశము టైపు చేయును. నిన్ను చూచి గర్వపడుచున్నానని వ్రాసి, మీ అమ్మయు గర్వపడియుండునను భావమును దానికి చేర్చి, కొంతసేపు ఆగి, ఆ చేర్చిన దానిని చెరిపివేసి పంపును. ఆ చెరుపుటలో అతని దుఃఖమంతయు కనబడును. అక్కడ అక్షరము వార్త చెప్పుట లేదు. మనిషి చెప్పలేకపోయిన దానిని చూపుచున్నది. ఎగురు అక్షరములు, మెరయు అక్షరములు, గుండ్రముగా తిరుగు అక్షరములు వేయి వేసినను ఆ ఒక్క చెరుపునకు సాటిరావు.

ఈ పాఠములన్నియు మనస్సున ఉంచుకొని మేము మా తొమ్మిది నిమిషముల చిత్రమును మరల కూర్చితిమి. మొదట ముప్పదియొక్క చోట్ల అక్షరములు ఉండెను, పదునాలుగు మిగిలినవి. వ్రేళ్లపై వ్రాసినవి తొలగినవి. "పొడుగు" మరల "పడుగు" అయినది. పెద్దాయన ముఖము కనబడు దృశ్యమును పొడిగించి, ముఖమునకు క్రిందుగా, నల్లని పట్టీపై, ఆయన ఇంటిపేరును పేరును మాత్రము పెద్ద అక్షరములతో ఎనిమిది సెకనులు నిలిపితిమి. వయస్సు, వృత్తి వ్రాయలేదు. ముఖమును మగ్గమును చూచినవారికి అవి తెలియును.

మరల ఆ వీథికి పోయితిమి. ఈసారి దుప్పటి కట్టలేదు. ఆయన అరుగుమీదనే కూర్చుండి ఫోనును ఆయన చేతికిచ్చితిమి. పేరు వచ్చినది. ఆయన పెదవులు కదలినవి. ఒక్కొక్క అక్షరముపై చూపుడువ్రేలు ఆడించుచు చదివిరి. ముగించిరి. మేము సంతోషింపబోవుచుండగా వ్రేలు వెనుకకు పోయి ఇంటిపేరుపై నిలిచినది. "ఇక్కడ ఒత్తు పోయింది బాబూ," అనిరి.

నిజమే. ఒత్తు పోయినది. మొదటిసారి చూపినప్పుడును అది లేదు. కాని ఆనాడు ఆయనకే గాక, ఆ వీథిలో ఎవరికిని దానిని గమనించు వ్యవధి మేము ఇయ్యలేదు. త్వరగా మాయమగు అక్షరము మన తప్పును దాచును. నిలిచిన అక్షరము, ఎవరిని గూర్చి వ్రాసితిమో వారికి దానిని దిద్దు అధికారమునిచ్చును. ఆ అరుగుమీదనే కూర్చుండి ఒత్తు చేర్చితిమి. పెద్దాయన మరియొకసారి మొదటినుండి కూడబలుక్కొని, ఈసారి ఏమియు అనక, ఫోను మా చేతికిచ్చి మగ్గము వద్దకు పోయిరి.